అన్నం చేతి పక్క

త్రివిక్రమరావుతో కాపురంలో ఉన్న చిక్కల్లా ఒకటే: ఆయన దేన్నయినా కొట్టి చూడందే నమ్మడు. పుచ్చకాయని కొట్టి చూడటం లోకాచారం. ఈయన కొత్త బిందెను కొట్టి చూస్తాడు, మంచం కోడును కొట్టి చూస్తాడు, పెళ్ళిచూపులకి వచ్చిన రోజున అత్తవారింటి గోడను కూడా కొట్టి చూసి, "లోపల బోలు ఉందండీ, ఎవరు కట్టారు?" అని అడిగాడు. కట్టించింది పెళ్ళికూతురి తండ్రే. ఆ తర్వాత కూడా ఆ సంబంధం ఎలా కుదిరిందో ఇందుమతికి ఇప్పటికీ అర్థం కాలేదు.

దేవుడు ఆయన గుణానికి తగ్గ ఉద్యోగమే చూపించాడు. భూమిని కొట్టి, లోపలి నుంచి తిరిగొచ్చే కంపనాన్ని యంత్రంతో పట్టి, ఏ ఖనిజం ఎంత దూరంలో దాక్కుందో చెప్పడం ఆయన పని. ఊరివాళ్ళు భూమికి నాడి చూసే డాక్టరు అనేవారు. ఇందుమతి ఏమీ అనేది కాదు. ఆమె ఫిజిక్సు చదివి వంటింట్లో స్థిరపడిన మనిషి. ఏది ఎప్పుడు పొంగుతుందో ఆమెకు ఏ యంత్రం లేకుండానే తెలుసు.

ఆ వేసవిలో ఆమె అటక దులుపుతుంటే ఒక నోటు పుస్తకం దొరికింది. ఉప్పుజాడీ వంకరగా నిలబడకుండా దాన్ని ఇరవై ఏళ్ళుగా కింద ఎత్తు పెట్టారు. అట్టను ఎలుకలు తిని అక్షరాలను దయతలచి వదిలేశాయి. అది త్రివిక్రమరావు తాతగారు వీరరాఘవయ్యది. ఆయన నల్లమల అంచున నీలిగుండం రాగిగనిలో పెద్దమేస్త్రీ. యాభై రెండేళ్ళ కిందట, మనవడు పుట్టకముందే, ఒక వానాకాలం విషజ్వరంతో పోయాడు. ఆ ఏడే గనీ మూతబడింది. గొలుసుకట్టు రాత కావడంతో ఇంట్లో చదవగలిగింది ఇందుమతి ఒక్కతే. చివరి పేజీలో ఒక కొండ బొమ్మ, ఒక సొరంగం గీత, దాని కింద మూడు ముక్కలు ఉన్నాయి:

"రెండుగా చీలిన చోట, అన్నం చేతి పక్క లక్ష్మి. కడిగే చేతి పక్క గంగ. గంగ జోలికి పోరాదు."

"లక్ష్మి అంటే రాగి! గనివాళ్ళ మాట అది," అంటూ త్రివిక్రమరావు చేతిలో కాఫీ గ్లాసు ఒలకబోశాడు. "అన్నం చెయ్యి కుడి. కుడి పక్క రాగి, ఎడమ పక్క నీళ్ళు. తాత ఇంత స్పష్టంగా రాసిపెడితే దాని మీద ఉప్పుజాడీ పెడతారా మీరు!"

నెల తిరగకుండా ఆయన నీలిగుండంలో దిగాడు. గనిని కొత్తగా గుత్తకు తీసుకున్న నాగిరెడ్డి ఆయన్ను నమ్మి యంత్రాలు తెప్పించాడు. పుస్తకం చదివిపెట్టడానికి ఇందుమతి, దారి చూపడానికి గనిలో ఒకప్పుడు తట్టలు మోసిన డెబ్భై ఏళ్ళ ఓబులేసు, యంత్రాలు బిగించడానికి మస్తానయ్య. మస్తానయ్య నలభై దాటినవాడు, మాట తక్కువ మనిషి. పదిహేనేళ్ళుగా ఇలాంటి సర్వేలు చేస్తున్నాడు. ఇంతమందీ కలిసి రెండు రోజులు కుడి చీలికలో గోడలు కొట్టారు.

మూడో రోజు ఉదయం ఏడు గంటలకి గని మొగదల దగ్గరే గొడవ మొదలైంది.

"ఇవాళ్టితో నీ పని సరి మస్తానయ్యా," అన్నాడు త్రివిక్రమరావు, బూట్ల తాళ్ళు లాగి కట్టుకుంటూ. "రేపట్నుంచి వేరే మనిషిని చూసుకుంటాను. తీగలు తారుమారుగా కలిపేవాడితో నాకు కుదరదు."

"నేను సరిగ్గానే కలిపినాను సార్."

"మరి గీత కిందికెందుకు దిగుతోంది?"

గొడవంతా ఆ గీత మీదే. గోడకి కంపనాన్ని పట్టే చెంబుమూతలంత జియోఫోన్లు వరసగా బిగించి, కాస్త దూరంలో సమ్మెటతో కొడితే, కంపనం రాతిలోకి పోయి దేనికో తగిలి వెనక్కి వస్తుంది. తగిలింది రాతికన్నా గట్టి ఖనిజమైతే రికార్డరు మీద గీత ముందు పైకి లేస్తుంది. బోలో నీళ్ళో అయితే ముందు కిందికి దిగుతుంది. రెండు రోజులుగా కుడిగోడ వెనక ముప్ఫై ఎనిమిది మీటర్ల దూరంలో ఏదో పెద్దది పలుకుతోంది, పలికినప్పుడల్లా గీత కిందికే దిగుతోంది. జియోఫోను తీగల కొసలు ఒకదాని చోట ఒకటి కలిపినా గీత అలాగే తలకిందులవుతుంది. తాత రాగి అన్నాడు గనక అక్కడ రాగే ఉండాలి. రాగి ఉంటే గీత లేవాలి. లేవలేదంటే తీగలు తప్పు. తీగలు తప్పంటే మస్తానయ్య తప్పు. త్రివిక్రమరావు తర్కం ఎక్కడా ఆగలేదు. నిన్న సాయంత్రమే గీతను తిప్పి రాసి, "పరికరాల పొరపాటు సరిచేశాను. కుడిపక్క రాగి నిక్షేపం ఖాయం," అని నాగిరెడ్డికి రిపోర్టు పంపేశాడు.

నాగిరెడ్డి ఆగే మనిషి కాదు. కొండకి అవతలి వైపు, కింది మట్టం సొరంగంలో, ఆరుగురు డ్రిల్లర్లు ఇవాళ పదకొండింటికి ఆ నిక్షేపం వైపు కింది నుంచి రాయి తొలవడం మొదలుపెడతారు. ఈలోగా లోపలి రాగి మందమెంతో తేల్చాలి. అందుకే ఈ చివరి ప్రయాణం.

"పోదాం పాండి సామీ," అన్నాడు ఓబులేసు. "గుహ ముందర నిలబడి తగువులాడితే లోపలున్నోళ్ళు నవ్వుతారు."

"లోపలెవరున్నారు?" అంది ఇందుమతి.

"గబ్బిలాలమ్మా."

మొగదల దాటగానే ఎండ తెగిపోయింది. తడి రాతి వాసన, కుళ్ళిన దుంగల వాసన ముక్కులకెక్కాయి. సొరంగం నడుమెత్తు మాత్రమే ఉన్న చోట్ల నాలుగు టార్చీలు నాలుగు దిక్కులా ఊగాయి. వంద గజాలు పోయాక దారి నూతిలోకి దిగినట్టు దిగి, మోకాలి లోతు నీళ్ళున్న పల్లం దాటి, మళ్ళీ పైకెక్కింది. త్రివిక్రమరావు ముందు ముందు నడిచాడు, నడుస్తూనే గోడల్ని పిడికిలితో కొట్టుకుంటూ పోయాడు. "త్వరగా! త్వరగా!" అని ఆయన కేక వేసినప్పుడల్లా కొండ లోపల ఇంకో ముగ్గురు త్రివిక్రమరావులు "త్వరగా" అన్నారు. ఒక్కడితోనే వేగలేకపోతున్నానని ఇందుమతి గొణుక్కుంది.

చీలిక దగ్గర ఎడమ దారి ఇరుకుగా, నల్లగా ఉంది. దానికి అడ్డంగా త్రివిక్రమరావు మొదటిరోజే ఎర్రగుడ్డ కట్టించాడు. కుడిదారిలో నలభై అడుగులు పోయి మస్తానయ్య జియోఫోన్లు బిగించాడు. ప్రతి తీగ కొసనూ కలిపేముందు ఇందుమతి ముందు టార్చీ వెలుగులో పట్టి చూపించాడు, సాక్షి సంతకం అడిగినట్టు. ఎర్ర కొస ఎర్రదానికి, నల్ల కొస నల్లదానికి.

"చూసినారు గదమ్మా?"

"చూశాను."

సమ్మెట దెబ్బ పడింది. గీత కిందికి దిగింది.

"మళ్ళీ కొట్టు!" మళ్ళీ దిగింది. "మళ్ళీ!" మళ్ళీ దిగింది.

"తయారీలోనే ఎర్ర నల్ల మార్చి ఉంటారు," అన్నాడు త్రివిక్రమరావు. ఇప్పుడు తప్పు మస్తానయ్య నుంచి ఏదో దేశపు ఫ్యాక్టరీకి మారింది గాని ఆయన దాకా రాలేదు. "చాలు. సమ్మెట బలం చాలట్లేదు. చిన్న పేలుడు మందు పెట్టు. గోడలోకి గట్టిగా కంపనం పోతే అంతా తేలిపోతుంది."

మస్తానయ్య రాతిలో రంధ్రం చేసి మందు కూరి, తీగ లాగి, స్విచ్చి పెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టేసరికి తొమ్మిదిన్నరైంది. పేల్చేముందు ఎలాగూ చీలిక దాకా వెనక్కి రావాలి గనక అక్కడే కూర్చుని, ఇందుమతి చిత్రాన్నం పొట్లాలు విప్పింది. త్రివిక్రమరావు నిలబడే తిన్నాడు. కూర్చుంటే రాగి పారిపోతుందన్న భయం ఆయన మొహంలో ఉంది.

ఓబులేసు పొట్లం ఒళ్ళో పెట్టుకుని చుట్టూ చూశాడు. "ఈడే కూకునేటోళ్ళం. పెద్దమేస్త్రీ, నేనూ. ఆయన పక్కన కూకొని కూడు తినాలంటే పానం మీదికి వచ్చేది. ముద్ద ఎత్తినప్పుడల్లా ఆయన మోచెయ్యీ నా మోచెయ్యీ కొట్టుకునేవి. నా నోట్లో పడిందానికంటే నేల మీద పడిందే ఎక్కువ."

త్రివిక్రమరావు నవ్వాడు. ఇందుమతి చేతిలో ముద్ద ఆగింది.

"తాతా, నువ్వు ఆయనకి ఏ పక్కన కూర్చునేవాడివి?"

"ఎడమ పక్కనమ్మా. కుడిపక్క గోడ ఉండాది గదా."

"నువ్వు తినేది కుడిచేత్తోనే కదా?"

"మడిసన్నాక అంతే గదా!"

"ఆయన ఎడమ మోచెయ్యికి అన్నం దగ్గర ఏం పని?"

ఓబులేసు ఆమెని జాలిగా చూశాడు. "పెద్దమేస్త్రీది పుర్రచెయ్యి గదమ్మా. సమ్మెట ఎత్తినా ఎడం చేత్తోనే, ముద్ద ఎత్తినా ఎడం చేత్తోనే."

ఇందుమతి ముద్దని పొట్లంలోకి వదిలేసింది.

"మరి ఈ మూడు రోజులూ చెప్పలేదేం?" అంది ఇందుమతి.

"ఎవరడిగినారు?"

ఆమె భర్త వైపు తిరిగింది. "ఏమండీ, విన్నారా? ఆయన అన్నం చెయ్యి ఎడమ. ఆయన కడిగే చెయ్యి కుడి. రాగి ఎడమ పక్కన ఉంది. మనం మూడు రోజులుగా కొడుతున్నది గంగ తలుపు!"

"మా వంశంలో పుర్రచెయ్యి లేదు," అన్నాడు త్రివిక్రమరావు. "ఉంటే మా అమ్మ చెప్పేది."

"మీ అమ్మగారు మీ నాన్నగారి పేరే నోటితో పలికేవారు కాదు. మామగారి చెయ్యి సంగతి చెబుతారా?"

"యాభై ఏళ్ళ నాటి మోచేతి జ్ఞాపకం పట్టుకుని సర్వే మార్చమంటావా?"

"సర్వే మార్చమనట్లేదు. సర్వే చెప్పింది వినమంటున్నాను. గీత కిందికే కదా దిగుతోంది!"

మస్తానయ్య మొదటిసారి తలెత్తాడు. ఆ చూపు త్రివిక్రమరావుకి తగిలింది. భార్య ముందు, పనివాడి ముందు, ముసలివాడి ముందు ఆయన మెడ బిగుసుకుంది. "ఇప్పుడే తేలుస్తాను," అని వంగి స్విచ్చి పెట్టె అందుకున్నాడు.

"ఆగండి!" అని ఇందుమతి అరిచింది.

"వద్దు సార్!" అన్నాడు మస్తానయ్య.

ఆయన నొక్కేశాడు.

కొండ కడుపులో ఒక దగ్గు వినిపించింది. దుమ్ము లేచింది. పై నుంచి గబ్బిలాలు గుంపుగా ఊడిపడి చెవుల పక్కనుంచి కొట్టుకుపోయాయి. రికార్డరు మీద గీత ఎన్నడూ లేనంత లోతుకి దిగింది. ఆ తర్వాత కుడిదారిలో ఎవరో బియ్యం చెరుగుతున్నట్టు సన్నని చప్పుడు మొదలైంది. ఓబులేసు టార్చీ అటు వేశాడు. మందు దెబ్బకి నిలువునా నెర్రెలిచ్చిన గోడ చెమటలు పడుతోంది. చెమట చుక్కలైంది, చుక్కలు దారాలయ్యాయి. ఉన్నట్టుండి పిడికిలంత రాయి ఎగిరి ఎదుటి గోడకి కొట్టుకుంది. ఆ కన్నంలోంచి నీరు కడ్డీలా చిమ్మింది.

"గంగ! గంగ లేచింది! పరుగెత్తండి!" అని అరిచాడు ఓబులేసు.

నలుగురూ వచ్చిన దారిన పరుగెత్తారు. నీరు వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి వాళ్ళకంటే ముందే పోయింది. పల్లం దగ్గరికి చేరేసరికి అది పల్లం కాదు, మడుగు. పైకప్పుకీ నీటికీ మధ్య జానెడు సందు మిగిలింది, చూస్తుండగా బెత్తెడైంది, తర్వాత అదీ లేదు.

"మునిగి ఈదుదాం!" అన్నాడు త్రివిక్రమరావు.

"మీకు ఈత రాదు," అంది ఇందుమతి. "ఎడమ దారికి పదండి!"

ఎర్రగుడ్డ చింపుకుని ఎడమ చీలికలోకి దూరారు. దారి మెల్లగా పైకి వాలి ఉంది, అదొక్కటే ధైర్యం. కాసేపు వంగి, కాసేపు పాకి, మోచేతులు చెక్కుకుపోతుండగా ముందుకి సాగారు. నీటి హోరు వెనకే వస్తోంది. ఒక మలుపు తిరిగాక ఇరుకు విడిపోయి, పెళ్ళిపందిరంత గుహ తెరుచుకుంది. మస్తానయ్య టార్చీ పైకెత్తాడు.



గోడ నిండా ఆకుపచ్చ! నెమలిమెడ రంగు పొరలు, వాటి మధ్య నిమ్మపండు పసిమితో మెరిసే రాగిరాయి చారలు. బారెడు మందాన, నేల నుంచి చూరు దాకా పాకిన తీగలా సాగిపోతోంది. దాని కింద ఎవరో ఉలితో చిన్న పద్మం చెక్కారు. యాభై రెండేళ్ళుగా ఆ లక్ష్మి ఎవరి కోసమూ ఎదురుచూడకుండా హాయిగా ఉంది.

త్రివిక్రమరావు అలవాటుగా పిడికిలితో తట్టాడు. ఖంగుమంది. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇందూ, సుత్తి ఇవ్వు. ఒక్క ముక్క... ఒక్కటంటే ఒక్కటి..."

నీరు గుహ గడప దాటింది.

"గడియారం చూడండి," అంది ఇందుమతి. "పది దాటింది. ఇక్కడి గోడకే ఇంత నీరు తన్నుకొచ్చిందంటే, అవతల కింది మట్టంలో ఏమవుతుంది? పదకొండింటికి ఆరుగురు మనుషులు ఆ నీటిగుండానికి అడుగు నుంచి బెజ్జం పెట్టబోతున్నారు. మీ రిపోర్టు చూసి!"

ఆయన చెయ్యి రాగి మీంచి జారింది.

ఓబులేసు బీడీ వెలిగించాడు. "ఇప్పుడా తాతా?" అంది ఇందుమతి. ముసలాయన పొగ వదిలి దాన్నే చూస్తూ నిలబడ్డాడు. పొగ కాసేపు తచ్చాడి, ఎవరో పిలిచినట్టు గుహ మూలకి పోయి, ఒక నెర్రెలోంచి నిటారుగా పైకెక్కింది.

"గాలి పోయే దోవ ఉండాది. ఎక్కండి!"

నెర్రె పొయ్యిగొట్టంలా ఉంది. వీపు ఒక గోడకి, కాళ్ళు ఇంకో గోడకి తన్ని ఎక్కాలి. మస్తానయ్య భుజాన మిగిలిన జియోఫోన్ల తీగచుట్టను నడుముకి చుట్టుకుని ముందుగా పాకాడు. పైన రాతి కొమ్ముకి దాన్ని బిగించి కిందికి వదిలాడు. ఇందుమతి చీర కుచ్చెళ్ళు దోపి ఎక్కింది. ఓబులేసు ఉడుతలా ఎక్కాడు. చివరగా త్రివిక్రమరావు సగం ఎక్కేసరికి కాలి కింద రాయి ఊడి నీళ్ళలో పడింది. ఆయన తీగ పట్టుకుని గాల్లో వేలాడాడు. మోకాళ్ళ కింద నల్లటి నీరు సుడి తిరుగుతూ లేస్తోంది.

"మస్తానయ్యా! తెగుతుందేమో!"

"తెగదు సార్," పై నుంచి గొంతు వచ్చింది, ఏ భావమూ లేకుండా. "నేను కట్టినాను."

ముగ్గురూ కలిసి లాగారు. ముళ్ళపంది బొరియలోంచి ఒకరి తర్వాత ఒకరు కొండ నెత్తిన, చిల్లచెట్ల మధ్యన, కళ్ళు చీల్చే ఎండలోకి వచ్చి పడ్డారు. టైము పదిన్నర దాటింది.

ఊపిరి తీసుకోవడానికి ఎవరూ కూర్చోలేదు. ఓబులేసు మొలలో దోపుకున్న కొడవలితో తుప్పలు నరుకుతూ ముందు, మిగతావాళ్ళు జారుతూ, పడుతూ వెనక. పరికికంప చీరని పట్టుకుంటే ఇందుమతి చీర కొంగు సగం దానికే ఇచ్చేసి పరుగెత్తింది. మస్తానయ్య చెప్పు ఒకటి లోయలో పడిపోయింది. అతను వంగి కూడా చూడలేదు. సెల్‌ఫోన్లు తీశారు, నల్లమల వాటిని ఎప్పుడూ పట్టించుకోలేదు. ఎలుగుబంటి తవ్విన పుట్ట దాటారు, ఎండిన వాగు దాటారు. అప్పుడు కింద నుంచి కంప్రెసరు మోత వినిపించింది. దాని అడుగున టకటకటక మంటూ ఉక్కు రాతిని కొరుకుతున్న చప్పుడు.

"మొదలెట్టేసినారు!" అని ఓబులేసు రొమ్ము బాదుకున్నాడు.

కింది మట్టం మొగదల దగ్గర నాగిరెడ్డి కుర్చీ వేసుకుని మజ్జిగ తాగుతున్నాడు. ఒళ్ళంతా బురద, నెత్తురు గీతలతో దిగొచ్చిన నలుగురినీ చూసి గ్లాసు వదిలేశాడు. "ఏమైంది సార్? మంచి గడియ ఉందని మావాళ్ళు పది నిమిషాలు ముందే..."

త్రివిక్రమరావు ఆయన్ను దాటుకుంటూ పోయి కంప్రెసరు మీట లాగేశాడు. మోత ఆగింది. లోపల డ్రిల్లు గొంతు పట్టేసినట్టు ఆగింది. ఇందుమతి సొరంగం మొగదల నిలబడి, "బయటికి రండయ్యా! అందరూ! పనిముట్లు వదిలేసి రండి!" అని గొంతు చిరిగేలా అరిచింది.

తెల్లటి దుమ్ము మొహాలతో వాళ్ళు వచ్చారు. ఆమె పైకే లెక్కపెట్టింది. ఒకరు, ఇద్దరు, ముగ్గురు, నలుగురు, అయిదుగురు. ఆరోవాడు తువ్వాలు దులుపుకుంటూ తాపీగా వచ్చాడు. ఆమె అక్కడే బండ మీద కూలబడింది.

"ఎవరు ఆపింది?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "రాయి మెత్తబడింది, కాస్త తడి కూడా తగిలింది. ఇంకో రెండడుగులు పోతే తేలిపోయేది."

నాగిరెడ్డి నుదురు చిట్లించాడు. "ఏం సార్, ఎందుకు ఆపమన్నారు?"

"రీడింగులో..." త్రివిక్రమరావు గొంతు సవరించుకున్నాడు. "రీడింగులో చిన్న తేడా వచ్చింది."

"ఓహో, ఆ తీగల గొడవేనా? మస్తానయ్య తారుమారు చేసినాడన్నారు, అదేగా? అది మీరు సరిచేసినట్టు రిపోర్టులోనే రాసినారు కదా. సరిచేశాక ఇంకేం భయం! ఆ మనిషి సంగతి నేను చూసుకుంటా, ఈ ఫీల్డులో ఇంకెవరూ పెట్టుకోకుండా చెప్తా." ఆయన డ్రిల్లర్ల వైపు చెయ్యి ఊపాడు. "పోండి పోండి, మళ్ళీ మొదలుపెట్టండి."

డ్రిల్లర్లు వెనక్కి తిరిగారు. పెద్దవాడు చెయ్యి కంప్రెసరు మీట మీద వేశాడు. మస్తానయ్య ఒంటి చెప్పుతో నిలబడి, బురద తీగని మోచేతికి చుట్టుకుంటూ నేల చూస్తున్నాడు. ఇందుమతి భర్త వైపు చూడలేదు. చూస్తే ఆయన చేత నిజం తనే చెప్పించినట్టవుతుంది.

"ఆగండి," అన్నాడు త్రివిక్రమరావు.

"ఏంటి సార్?"

"మొదలుపెట్టకండి. ఆ గోడ వెనక ఉన్నది రాగి కాదు, గుండం నిండా నీళ్ళు. నేను సరిచేసిందే తప్పు." ఆయన గొంతు మెల్లగా ఉంది. వెనక నిలబడ్డవాళ్ళు "ఏమంటున్నాడు?" అని ఒకరినొకరు అడిగారు. ఆయన మస్తానయ్య దగ్గరికి నడిచి వెళ్ళి, అందరికీ వినపడేలా చెప్పాడు.

"తీగలు నువ్వు మొదటిరోజు నుంచీ సరిగ్గానే కలిపావు మస్తానయ్యా. గీత కూడా సరిగ్గానే చెప్పింది. దాన్ని తలకిందులు చేసింది నేను. తప్పు నాది."